సి షిఫ్టు ఇంట్లో పసివాడు

పొద్దున్న ఆరింటికి సి షిఫ్టు దిగుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం గేటు ముందు సైకిళ్లు పోయి మోటారు సైకిళ్లు వచ్చాయి గానీ ఆ వేళకు ఇల్లు చేరే మనిషి వాలకం మాత్రం మారలేదు. రాత్రంతా మేలుకున్న కళ్లు, చొక్కాకి పట్టిన పొగ వాసన. ఉక్కునగరం క్వార్టర్లలోనైనా, కూర్మన్నపాలెం, వడ్లపూడి అద్దె ఇళ్లలోనైనా ఆ తర్వాత జరిగేది ఒకటే. రెండు ఇడ్లీలు తిని ఆయన పడక వేస్తాడు. వెలుగు రాకుండా కిటికీకి దుప్పటి కడతారు. విజిల్ వచ్చేలోపే కుక్కర్ కింద మంట తగ్గిస్తారు. మూడేళ్ల పిల్లవాడి చేతిలోని స్టీలు గ్లాసు గచ్చు మీద పడి గలగలమందంటే తల్లి పరుగున వచ్చి లాక్కుంటుంది. వాడు ఏడవబోతాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టి, 'నాన్న పడుకున్నాడు, చప్పుడు చెయ్యకు' అంటుంది. ఈ ఊళ్లో చాలామంది పిల్లలకు అక్షరాభ్యాసానికి ముందే అయ్యే పాఠం ఇది.

ఇందులో తప్పు పట్టాల్సింది ఎవరినీ కాదు. కొలిమి దగ్గర ఎనిమిది గంటలు నిలబడ్డవాడికి నిద్ర కావాలి. ఆ నిద్ర కాపాడటం ఇంటావిడకు డ్యూటీ. మధ్యాహ్నం లేచాక అదే తండ్రి వాణ్ని భుజాన ఎక్కించుకుని సందు చివర కొట్టుకు తీసుకెళ్లి బిస్కట్ పొట్లం కొనిపెట్టాడనుకోండి, పొద్దుటి గ్లాసు గొడవ వాడికి గుర్తే ఉండదు. లేస్తూనే ఆ గ్లాసు పేరు చెప్పి వీపు మీద ఒకటి వేశాడనుకోండి, గుర్తుంటుంది. ఒకరోజైతే అదీ పోతుంది. వారాల తరబడి అదే వరస అయితే వాడు చప్పుడు చెయ్యడమే మానేస్తాడు. ఎంత బుద్ధిమంతుడో అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకుంటారు. పిల్లల మనసులు చూసే వైద్యులకు బెంగ కలిగించేది అల్లరి పిల్లల కన్నా ఇలా ఉన్నట్టుండి బుద్ధిమంతులైపోయినవాళ్లే.

చిన్ననాటి దెబ్బ పెద్దయ్యాక ఎక్కడ బయటపడుతుందో కనిపెట్టింది కూడా ఒక రేవు పట్నంలోనే. అమెరికాలోని శాన్‌డియాగోకు మనకు మల్లేనే సముద్రం ఉంది, ఓడలున్నాయి, నౌకాదళం ఉంది. అక్కడ విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు 1980లలో ఊబకాయం తగ్గించే వైద్యశాల నడిపేవాడు. ఒక విచిత్రం ఆయన కంటపడింది. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో వైద్యం మానేసి వెళ్లిపోతున్నారు. తగ్గనివాళ్లు విసిగి మానేశారంటే అర్థముంది, తగ్గుతున్నవాళ్లకేమొచ్చింది? ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగితే చాలామంది చిన్నతనంలో లైంగికంగా హింసకు గురైనవాళ్లని తేలింది. లావుగా ఉంటే ఎవరి చూపూ తమ మీద పడదన్న ధీమా వాళ్లది. డాక్టరు జబ్బు అనుకున్నది వాళ్లకు రక్షణ. సన్నబడేకొద్దీ ఆ పాత భయం తిరిగొచ్చింది.

ఆ తీగ పట్టుకుని ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే మరో వైద్యుడితో కలిసి 17 వేల మందికి పైగా జనాన్ని వాళ్ల బాల్యం గురించి అడిగాడు. కొట్టారా, తిట్టి చిన్నబుచ్చారా, పట్టించుకోకుండా వదిలేశారా, ఇంట్లో తాగుబోతు ఉన్నాడా, అమ్మను కొడుతుంటే చూశారా, ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్లారా, అమ్మానాన్నలు విడిపోయారా, ఇలాంటివి ఆ ప్రశ్నలు. జవాబిచ్చినవాళ్లు దిక్కులేని జనం కారు. ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతివాళ్లు. 1998లో తొలి ఫలితాలు అచ్చయ్యాయి. ఇలాంటి అనుభవాలు నాలుగు రకాలో అంతకు మించో ఉన్నవాళ్లకు, ఏదీ లేనివాళ్లతో పోలిస్తే, తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వీటి ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు కూడా పెరిగాయి.

ఆ జాబితాలో రాత్రి డ్యూటీ లేదు. ఉన్నవి చాలావరకు మనిషి చేతిలో మనిషి పడ్డ బాధలు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ లెక్కలు జాతకాలు కావు. 'మీ స్కోరు ఎంత?' అని మనిషి మనిషికీ మార్కులు వేసే వేలంవెర్రి మొదలయ్యేసరికి 2020లో ఆ ఆండాయే కలం పట్టి, ఇది జనం మొత్తానికి చెప్పే అంచనాయే తప్ప ఒక మనిషి తలరాత తేల్చే కొలమానం కాదని హెచ్చరించాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పరీక్షలు చూసి బెంబేలు పడే తల్లులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

విశాఖకు మాత్రం పసివాళ్ల భయం విషయంలో పుస్తకాలు అక్కర్లేనంత అనుభవం ఉంది. ఈ ఊరి పిల్లలు చూడని భయం లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి రేవు మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయింది. దొరికిన బండి ఎక్కి, దొరకనివాళ్లు నడిచి, జనం పల్లెల దారి పట్టారు. అంతకు ముందు ఇదే యుద్ధంలో ఇంగ్లండులో కూడా పిల్లల్ని పట్నాల నుంచి తరలించారు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులో తొలి నాలుగు రోజుల్లోనే లక్షలాది పిల్లల్ని మెడలో పేరు చీటీ కట్టి రైలెక్కించి, ముక్కూ మొహం తెలియని ఇళ్లలో దింపారు. ప్రాణాలు కాపాడాలన్నదే ఉద్దేశం, అందులో అనుమానం లేదు. అయితే అయిదేళ్లలోపు పిల్లల్ని తల్లుల నుంచి విడదీస్తే పెద్ద చిక్కులొస్తాయని జాన్ బౌల్బీ, డొనాల్డ్ వినికాట్ మరో వైద్యుడితో కలిసి ఆ డిసెంబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఉత్తరం రాశారు. లండన్‌లో యుద్ధకాలపు శిశుశాలలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ కూడా దగ్గరుండి చూసి అదే చెప్పారు. తల్లి ఒడిలో ఉండి బాంబుల మోత విన్న పిల్లల కన్నా, బాంబులు లేని చోట తల్లి లేకుండా ఉన్న పిల్లలే ఎక్కువ చితికిపోయారు.

మన వాళ్లకు ఆ సిద్ధాంతాలేవీ తెలియవు. పోతే అందరం పోదాం, ఉంటే అందరం ఉందాం అనుకున్నారు. పిల్లవాణ్ని ఒంటరిగా ఎక్కడికో పంపడం వాళ్ల ఊహకే రాని సంగతి. తల్లి, పిల్లలు, ముసలమ్మ, వీలైతే ఆవూదూడా కలిసే కదిలారు. ఇంగ్లండు ప్రభుత్వం పకడ్బందీగా చేసినదాని కన్నా మన తొక్కిసలాటే పసివాళ్లకు మేలు చేసి ఉంటుందన్నది మా నమ్మకం. కొలిచి చూసినవాళ్లు లేరు గనుక నమ్మకమనే అంటున్నాం.

ఆ తర్వాతా ఈ ఊరికి భయాలు తక్కువ రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు పైకప్పులు లేచిపోయే ఇళ్లలో పిల్లల్ని మంచాల కింద పెట్టుకు కూర్చున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడ్డప్పుడు ఆర్ఆర్ వెంకటాపురంలో మనుషులు నిద్రలోంచి లేచి చీకట్లో పరుగెత్తారు. పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్లు దారిలోనే కూలిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున, ఆ ఊళ్లవాళ్లకు పదేసి వేల చొప్పున ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఆ రాత్రి తర్వాత పక్క తడుపుకోవడం మొదలుపెట్టిన పిల్లవాడికీ, వాసన ఏదొచ్చినా బెదిరిపోయే పిల్లకూ పరిహారం ఫారంలో గడి ఉండదు. వాళ్లకు కావలసింది డబ్బు కాదు కూడా. ఆ రాత్రి గురించి అడిగినప్పుడల్లా విసుక్కోకుండా మళ్లీ చెప్పే ఒక మనిషి కావాలి. 'ఇప్పుడు గ్యాసు లేదమ్మా, తలుపేశాను, పడుకో' అని ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

ఉక్కు నగరానికి ఉన్న మరో గాయం ఇంకా పాతది. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా ఊగిపోయింది, కాల్పుల్లో 32 మంది పోయారు. 1971 జనవరిలో పునాదిరాయి పడింది. 64 గ్రామాలు లేచిపోయాయి. 16 వేలకు పైగా కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. చేతికి వచ్చింది, ప్లాంటులో ఉద్యోగం మీద ఆశ పెట్టిన నిర్వాసితుల 'ఆర్ కార్డు'. ఎకరం ఎంత, కొబ్బరిచెట్టు ఎంత, బావి ఎంత అని లెక్కకట్టారు. అయిదేళ్ల పిల్లవాడికి ఊరంటే ఎకరాలు కాదు. ఏ గుమ్మంలోకి దూరితే ఏ పెద్దమ్మ చేతిలో ఇంత బెల్లంముక్క పెడుతుందో తెలిసి ఉండటమే ఊరు. పెదగంట్యాడ కాలనీల్లో వరసగా ఇళ్లస్థలాలు పడ్డప్పుడు ఎవరి పక్కన ఎవరొచ్చారో ఆ పిల్లవాణ్ని అడిగినవాళ్లు లేరు. ఆనాటి పిల్లలిప్పుడు అరవైకి అటూఇటుగా ఉన్నారు. వాళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్లున్నారు, కార్డు ఇప్పటికీ భద్రంగా దాచుకుని ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. 2021 జనవరిలో కర్మాగారాన్ని అమ్ముతామన్న మాట రాగానే కూర్మన్నపాలెం శిబిరంలో నిర్వాసితులు అంత మంట మీద ఎందుకు కూర్చున్నారో, జీతాల లెక్క ఒక్కటే చూస్తే అర్థం కాదు. ఒకసారి చిన్నప్పుడు కాళ్ల కింద నేల పోయినవాళ్లు వాళ్లు.

పసివాళ్లను భయపెట్టి పెంచకూడదన్న సంగతి తెలుగులో గట్టిగా చెప్పినవాడు డాక్టరు కాడు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. చలం. తండ్రి తన తల్లిని హింసిస్తుండగా చూస్తూ పెరిగిన పిల్లవాడు ఆయన. ఆ దృశ్యం ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ఫెలిట్టి ప్రశ్నల్లో ఒకటి సరిగ్గా అదే కదా. స్త్రీ గురించి చలం రాసినదానికి తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ లక్షమంది ఉన్నారు. ఆయన 'బిడ్డల శిక్షణ' పేరుతో ఒక పుస్తకం రాశాడన్నది మాత్రం చాలామందికి పట్టదు. పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు, వాళ్లూ మనుషులే అని వాదించిన పుస్తకమది. అటెండెన్సు రిజిస్టర్లు తిరగేయడానికి బళ్లకు వెళ్లిన మనిషి బెంచీల మీద ముడుచుకు కూర్చున్న పిల్లల్ని చూసి వచ్చాడన్నమాట. ఇక ఈ ఊరి రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య సంగతి. ఎవరిని చూసినా జంకే ఆ గుమాస్తాను చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. నవ్వు ఆగాక, ఇంత భయం ఇతనిలో ఎవరు పోశారన్న ప్రశ్న మిగులుతుంది.

భయం పోయడంలో మనకున్న నైపుణ్యం అంతా ఇంతా కాదు. అన్నం తినకపోతే బూచాడు, నిద్రపోకపోతే పోలీసు, మాట వినకపోతే సూదిమందు. మరీ మొండికేస్తే చినవాల్తేరు పంపిస్తామంటారు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఎంతో విశాఖలో చినవాల్తేరు అంత. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న పాపానికి చక్కటి చెట్లున్న ఆ పేట పేరు తిట్టు అయి కూర్చుంది. నాలుగేళ్లప్పుడు ఆసుపత్రి పేరుతో బెదిరించిన పిల్లవాడు ఇరవై నాలుగేళ్లకు మనసు బాగోక కుమిలిపోతున్నప్పుడు, అక్కడికి వెళ్లి చూపించుకోరా అంటే ఏ ముఖంతో వెళతాడు?

అలా మనసు బాగోనివాళ్లు మన దగ్గర ఎంతమందో తెలుసుకుందామంటే దానికీ ఒక ఇబ్బంది. 2015–16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో అత్యధికులకు వైద్యమే అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

ఇంతవరకూ చదివినవాళ్లకు గుండె బరువెక్కితే, కవాయ్ దీవి కథ చెప్పాలి. హవాయిలో చెరకు, అనాస తోటల కూలీలు బతికే చిన్న దీవి అది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దాదాపు నలభై ఏళ్లపాటు గమనిస్తూ వచ్చింది. వాళ్లలో మూడోవంతు మంది ఇళ్లు మహా గందరగోళం. దరిద్రం, తాగుడు, తగాదాలు, మతి చలించిన తల్లో తండ్రో. అలాంటి ఇళ్ల పిల్లలు చెడిపోయారని చెప్పడానికి నలభై ఏళ్లు అక్కర్లేదు. వెర్నర్‌ను ఆశ్చర్యపరిచింది మరొకటి. ఆ ఇళ్లలోంచి కూడా ప్రతి ముగ్గురిలో ఒకరు నిక్షేపంగా ఎదిగి, పనిచేసుకుంటూ, పెళ్లి చేసుకుని, నలుగురికీ సాయపడుతూ బతుకుతున్నారు. వీళ్లకు కలిసొచ్చినవి కొన్ని ఉన్నాయి గానీ అన్నిట్లోకీ స్పష్టంగా కనిపించింది ఒకటే. చిన్నతనంలో వీళ్లను గట్టిగా పట్టుకున్న మనిషి ఎవరో ఒకరున్నారు. తల్లే కానక్కర్లేదు. అమ్మమ్మ, అత్త, పెద్దక్క, పక్కింటావిడ, బడిపంతులు.

కవాయ్ దాకా పోనక్కర్లేదు. విశాఖలోనే 1910లో పుట్టిన శ్రీశ్రీకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెంచింది సవతితల్లి సుభద్రమ్మ. మన సినిమాలు సూర్యకాంతం చేత చేయించిన సవతితల్లులు మన బుర్రల్లో ఎంతగా పాతుకుపోయారంటే, ఇలాంటి తల్లుల మాట ఎత్తాల్సినప్పుడు మనకు గొంతు పెగలదు.

గట్టిగా పట్టుకునే మనిషి ఒకరుండాలన్న ఈ సూత్రం మత్స్యకారుల జాలారిపేటల్లో ఆ పేటలు పుట్టిన దగ్గర్నుంచీ ఉంది. తండ్రి మరబోటెక్కి రోజుల తరబడి సముద్రం మీద ఉంటాడు. తల్లి చీకటితోనే ఫిషింగ్ హార్బరుకు పోయి, వేలంలో చేప పట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. గుంటడు మాత్రం పాడైపోలేదు, ఎందుకంటే వాడికి ముసిల్ది ఉంది. వలలు బాగుచేసే ఇసుకలో వాణ్ని కూర్చోబెట్టుకుని, వాడు ఒక మాటంటే తను రెండంటూ, వాడు గవ్వ చూపిస్తే నిజంగా వింతపడుతూ, అన్నంలో ముల్లు తీసి నోట్లో పెడుతూ ఉంటుంది. పసివాడి మెదడుకు కావలసింది ఇదేనని నేటి శాస్త్రం పెద్ద పెద్ద మాటల్లో చెబుతోంది. బిడ్డ పలకరిస్తాడు, పెద్దవాళ్లు బదులిస్తారు. మళ్లీ బిడ్డ, మళ్లీ పెద్ద. రోజుకు వందలసార్లు జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మెదడులో దారులు పడతాయి. ఎంత పిలిచినా బదులు రాకపోతే ఒంట్లో ఆందోళన పుట్టించే రసాయనాలు తగ్గకుండా నిలబడిపోతాయి. రుమేనియా అనాథాశ్రమాల్లో ఉయ్యాల తొట్లకే అతుక్కుపోయిన పిల్లల్ని 2000 నుంచి పరిశీలించినవాళ్లు, రెండేళ్లలోపే పెంపుడిళ్లకు చేరినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారని చూశారు. ముసిల్దానికి ఇదంతా తెలియదు. తెలియనక్కర్లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ తండ్రి ఒడ్డున ఉంటాడు. ఒక ఇంట్లో అవి పిల్లలకు పండగ రోజులు, నాన్న భుజమెక్కి ఊరేగుతారు. పక్కింట్లో చేతిలో డబ్బులాడక, పనిలేక, చీకటి పడేసరికి సీసా, ఆపైన రభస. గోడ ఒకటే, నిషేధం ఒకటే, ప్రభుత్వమిచ్చే భృతీ ఒకటే. ఆ రెండిళ్ల పిల్లలు ముప్పయ్యేళ్ల తర్వాత ఒకేలా నిద్రపోతారని చెప్పలేం.

ముసిల్ది ఉన్నంతకాలం పర్వాలేదు. ఆమె లేని ఇళ్లు ఈ ఊళ్లో పెరిగిపోతున్నాయి, ఇప్పుడు మా బెంగంతా అక్కడే. శ్రీకాకుళం నుంచో, విజయనగరం నుంచో వచ్చి గాజువాకలో ఒంటిగది అద్దెకు తీసుకున్న కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం చూడండి. నాయనమ్మ ఊళ్లోనే ఉండిపోయింది, పట్నంలో ఆమెకు పడుకునే చోటు లేదు. భర్తకు షిఫ్టులు. భార్య పొద్దున్నే ఊడ్చే పనికో, కంపెనీ క్యాంటీన్‌కో పోతుంది. రెండేళ్ల పిల్లను ఎనిమిదేళ్ల అక్క చూస్తుంది, లేదంటే సెల్‌ఫోను చూస్తుంది. ఫోనులో బొమ్మలు ఆడతాయి, పాడతాయి, ఎంతకీ విసుక్కోవు. ఒక్కటి చెయ్యవు, పిల్ల మాటకు బదులివ్వవు. మధురవాడ అపార్టుమెంట్లలో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయిన ఇళ్ల కథ వేరుగా ఏమీ లేదు, ఫోను కాస్త ఖరీదైనది అంతే. ఇక్కడ తల్లుల్ని నిలదీసే పెద్దమనుషులకు కొదవలేదు. ఆమె పని మానేస్తే అద్దె ఎవరు కడతారో కూడా వాళ్లే చెప్పాలి.

పెద్దపిల్లల గురించి దేశం ఈమధ్య ఉలిక్కిపడింది. విశాఖలో వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు కోచింగ్ తీసుకుంటూ 2023లో ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పెట్టాలంది. మంచి తీర్పు. అవసరంలో ఉన్నవాళ్లకు 2022 నుంచి 14416 నెంబరులో టెలీమానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. వాడుకోవాలి. కానీ పదిహేడేళ్ల పిల్లకు కౌన్సెలర్ చెప్పే ధైర్యం నిలవాలంటే రెండేళ్లప్పుడు ఆ పిల్ల ఏడిస్తే ఎవరో వచ్చి ఎత్తుకుని ఉండాలి. మనం ఖర్చు పెడుతున్నదంతా ఆ చివర, పెట్టాల్సింది ఈ చివర.

ఈ చివర ప్రభుత్వానికి ఉన్న మనిషి ఒక్కతే, అంగన్‌వాడీ టీచరు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకానికి యాభై ఏళ్లు నిండాయి. మురికివాడ సందులో ఒక గది, ఒక టీచరు, ఒక ఆయా, గోడకు చార్టులు, మూల గుడ్ల ట్రేలు. ఆవిడ పిల్లల్ని తూస్తుంది, ఎత్తు కొలుస్తుంది, గుడ్డు పెడుతుంది, బాలామృతం పంచుతుంది, ఇవన్నీ ఫోనులో ఎక్కిస్తుంది. నెట్ రాకపోతే మళ్లీ ఎక్కిస్తుంది. ఎక్కించడం అయ్యాక మిగిలిన టైములో పిల్లలతో మాట్లాడాలి. మూడేళ్లలోపు పిల్లలతో ఏ నెలలో ఏ ఆట ఆడాలో చెబుతూ కేంద్రం 2024లో 'నవచేతన' తెచ్చింది. చక్కటి ఆలోచన. అది చెయ్యాల్సిన చేతులు ఫోను మీద ఉన్నాయన్నది ఢిల్లీకి కనిపిస్తున్నట్టు లేదు. జీతం పెంచమని 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు రోడ్డెక్కితే, ఎస్మా పెట్టి బెదిరించిన రాష్ట్రం మనది. అత్యవసర సేవ అని చట్టం చెప్పింది, మాకూ అభ్యంతరం లేదు. జీతం దగ్గరకొచ్చేసరికి మాత్రం వాళ్లు సేవకులు, 'గౌరవ వేతనం'తో సరిపెట్టుకోవాలి.

అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిది ప్రాంతంలో. ఎ షిఫ్టు తల్లి ఇల్లు వదిలేది అయిదున్నరకు. ఈ మూడున్నర గంటలు ఎవరివి? బి షిఫ్టు దిగేది రాత్రి పదింటికి. అంతదాకా ఎవరు? 1948 ఫ్యాక్టరీల చట్టం శిశుసంరక్షణ గది పెట్టమంది గానీ 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోటనే అంది. ఉక్కు కర్మాగారం, రేవు లాంటి చోట్ల పనివాళ్లు ఎక్కువమంది మగవాళ్లు. అంటే తండ్రి ఎంతమంది పిల్లలున్నవాడైనా ఆ చట్టం కంటికి పిల్లలు లేనివాడే అయ్యాడు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు 50 మంది ఉద్యోగులున్న ప్రతిచోటా క్రెష్ ఉండాలన్నారు. అది కొంత నయం. అక్కడా రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి వచ్చే వీలు తల్లికే ఇచ్చారు, తండ్రి ఊసెత్తలేదు.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. గాజువాక, పెదగంట్యాడ, జాలారిపేట, ఈ మూడుచోట్ల ముందుగా పొద్దున్న అయిదుంబావు నుంచి రాత్రి పదిన్నర దాకా తెరిచి ఉండే శిశుకేంద్రాలు పెట్టాలి. ఉక్కు కర్మాగారం, పోర్టు, నగరపాలక సంస్థ జీవీఎంసీ తలాకొంత వేసుకోవాలి. కాంట్రాక్టు కార్మికుల పిల్లల్నీ, తండ్రి తరఫున వచ్చే పిల్లల్నీ చేర్చుకోవాలి. లెక్కలు రాయడానికి వేరే మనిషిని ఇచ్చి, అంగన్‌వాడీ టీచరు చేతిలోంచి ఆ ఫోను రోజుకు రెండు గంటలైనా తీసేయాలి. మనసు బాగోని పెద్దవాళ్ల కోసం చినవాల్తేరులో పడకలు పెంచుతామని ఏ ప్రభుత్వం చెప్పినా సంతోషమే. ఆ పడకల మీదకు రానక్కర్లేని పిల్లల కోసం అడుగుతున్నాం ఈ మూడు గదులు. జిల్లా కలెక్టరుగారు వచ్చే బడ్జెట్ దాకా ఆగకుండా ఈ మూడు సంస్థలనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టాలని మనవి.